కైమా ఇంట్లో కూరగాయల విందు

అతని అసలు పేరు భార్యకి కూడా కాస్త ఆలోచిస్తే గానీ తట్టదు. వీధి వీధంతా కైమా అనే పిలుస్తుంది. మాంసం కొట్టు అతనిది. కొనడానికి వచ్చినవాళ్లు ఇంట్లో వాళ్ల కబుర్లు చెప్పడం ముగించేలోపే కత్తి టకటకలాడించి, సన్నగా తరిగి, పొట్లం చేతిలో పెట్టేవాడు. కుర్రతనంలో ఎవరో సరదాకి పెట్టిన పేరు, బంక పెట్టినట్టు అతుక్కుపోయింది. ఇప్పుడు నెత్తిమీద జుట్టు పలచబడి, పొట్ట ముందుకొచ్చి, మోకాలు ఒకటి మొరాయిస్తున్నా పేరు మాత్రం చెక్కుచెదరలేదు.

కొట్టు మీది వాటా వాళ్ల ఇల్లు. ముందు పొడవాటి గది, గోడకి పెద్ద టీవీ, వెనక వంటిల్లు, దాని వెనక ఇనప కటకటాల బాల్కనీ. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే స్నేహితులంతా అక్కడే చేరాలి. అది ఎవరూ పెట్టని రూలు. బాల్కనీలో బొగ్గుల పొయ్యి రాజేసి, మీద ఇనప జాలీ వేసి, కైమా మాంసం కాలుస్తూ ఉండేవాడు. లోపల వాళ్లు అరుస్తూ, తింటూ, వేళ్లు నాక్కుంటూ ఉండేవాళ్లు. ఒక పళ్లెం ఖాళీ అయి బాల్కనీలోకి వెనక్కి వచ్చిందంటే చాలు, తనే గోల్ కొట్టినంత సంబరం అతనికి.

ఆ గుంపులో అందరికంటే పెద్ద గొంతు గోడది. గోడ అంటే కైమా చెల్లెలి మొగుడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ ఒకే జట్టులో ఆడేవాళ్లు. కైమా ముందు నిలబడి అడ్డుకునేవాడు, గోడ గోల్ కాసేవాడు. బంతి అతన్ని దాటి పోయేది కాదు కాబట్టి గోడ. అప్పట్లో ఊరికే "బావా బావా" అనుకునేవాళ్లు. తర్వాత గోడ కైమా చెల్లెల్ని ఇష్టపడి చేసుకోవడంతో నిజంగానే బావలయ్యారు. "నోటి మాట ఊరికే పోదు చూశావా" అని కైమా ఇప్పటికీ అంటుంటాడు. గోడ వీధి మలుపులో ఒక బడ్డీలో కూర్చుని తాళాలు బాగుచేస్తాడు, మారు తాళంచెవులు కోసి ఇస్తాడు.

చలికాలంలో గోడకి గుండె ఆపరేషన్ అయింది. గండం గడిచింది. డాక్టరు మాంసం, వేపుళ్లు, ఉప్పు అన్నిటికీ కళ్లెం వేశాడు. దాన్నైనా ఓర్చుకునేవాడేమో గానీ, ఆస్పత్రి నుంచి వచ్చాక మాంసం కాలే వాసన తగిలితేనే గోడకి కడుపులో తిప్పడం మొదలైంది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక జరిగిన మొదటి మ్యాచ్‌కి గోడ వచ్చాడు. కైమా చెల్లెలు ఉడకబెట్టిన కూరగాయలు డబ్బాలో పెట్టి పంపింది. పాలిపోయిన క్యారట్ ముక్కలు, నీరుగారిన గుమ్మడి. అందరి చేతుల్లో పొగలు కక్కే ముక్కలుంటే అతను మూలన కూర్చుని చెంచాతో అవి తింటున్నాడు. అది చూసి ఆ గుంపులోనే ఉన్న లిఫ్టుల మెకానిక్ ఊరుకోలేకపోయాడు. ఊరుకోవడం అతని ఒంట్లోనే లేదు.

"ఏరా, గోడకి సున్నం వేస్తున్నార్రోయ్!" అన్నాడు.

గదంతా గొల్లుమంది. గోడ కూడా నవ్వాడు. బాల్కనీలోంచి కైమా కూడా నవ్వాడు. సగం ఆట అయ్యేసరికి గోడ డబ్బా మూత పెట్టి, "కాళ్లు లాగుతున్నాయి బావా, వస్తా" అని వెళ్లిపోయాడు. తర్వాతి మ్యాచ్‌కి పనుందన్నాడు. ఆ తర్వాతి దానికి నీరసం అన్నాడు. గుండె కోసి కుట్టిన మనిషి, నీరసం కాక ఏముంటుందిలే అనుకున్నాడు కైమా.

ఒకరోజు చెల్లెలు కొట్టు ముందు ఆగింది. లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడింది.

"ఆయన బానే ఉన్నాడా?" అని అడిగాడు కైమా.

"బానే ఉన్నాడన్నయ్యా. మ్యాచ్ వస్తే మాత్రం ఒక్కడే టీవీ ముందు కూర్చుంటాడు. సౌండు కూడా పెట్టడు. మునుపు ఆ అరుపులకి కిందింటివాళ్లు చీపురు కర్రతో కప్పు మీద కొట్టేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో మనిషున్నట్టే ఉండదు."

"మరి ఇక్కడికి రావచ్చుగా?"

చెల్లెలు గొంతు తగ్గించింది. "వాసన పడట్లేదన్నయ్యా. నీకు చెప్పొద్దన్నాడు. చెప్తే నువ్వు నొచ్చుకుంటావట."

ఆమె వెళ్లిపోయాక కైమా చేతిలో కత్తి చాలాసేపు కదల్లేదు. కొనడానికొచ్చిన ముసలావిడ రెండుసార్లు దగ్గింది. తన చేతి వంటే తన బావని తన గుమ్మం తొక్కనీయకుండా చేసిందన్న మాట అతనికి మింగుడు పడలేదు. దానికంటే, ఆ రోజు మెకానిక్ మాటకి తనూ నవ్వాడన్నది ఇంకా గుచ్చుకుంది.

సరిగ్గా అప్పుడే వాళ్ల ఊరి జట్టు ఫైనల్‌కి చేరింది. ఎన్నో ఏళ్లుగా జరగని వింత అది. మంగలి కుర్చీలో, కాఫీ కొట్లో, బస్సులో అదే మాట. కైమా భార్య బస్సు డ్రైవరు. సాయంత్రం డ్యూటీ దిగొచ్చి, బూట్లు విప్పి, వేణ్నీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

"ఈసారి ఫైనల్‌కి మాంసం చెయ్యను" అన్నాడు కైమా.

ఆమె తలెత్తి చూసింది. "కొట్టు ఎత్తేస్తున్నావా ఏంటి?"

"కొట్టు కొట్టే. ఆ రోజు మాత్రం అన్నీ కూరగాయలతోనే చేస్తా. ఎవరికీ ముందు చెప్పొద్దు."

"కూరగాయలతోనా? నువ్వు ఉల్లిపాయ తప్ప ఇంకో కూరగాయ ముట్టుకోగా నేను చూళ్లేదు."

చెల్లెలు చెప్పిందంతా కైమా ఆమెకి చెప్పాడు. ఆమె విని, కాళ్లు తుడుచుకుని లేచి, "అయితే ఇప్పుడే మొదలుపెట్టు. నీ సంగతి నాకు తెలుసు, ఆ రోజే మొదలుపెడితే జనం పస్తులుంటారు" అంది.

ఆమె మాటే నిజమైంది. కైమా కాలీఫ్లవర్‌ని చెక్క మీద పెట్టి ఎముక కొట్టే కత్తితో ఒక్క వేటు వేశాడు. అది ముక్కలై గదంతా ఎగిరింది. ఒక పువ్వు ఫ్రిజ్ వెనక్కి పోయి ఇక దొరకలేదు. ఉడికించిన రాజ్మా గింజలు మెత్తగా నూరి, మాంసం ఉండలు ఒత్తినట్టే ఒత్తి జాలీ మీద వేశాడు. అవి కాసేపు బుద్ధిగా కూర్చుని, ఆ తర్వాత ఒక్కొక్కటీ జాలీ సందుల్లోంచి జారి నిప్పుల్లో పడ్డాయి. పుట్టగొడుగులు నీళ్లు వదిలి వాటిలో అవే ఈత కొట్టాయి. మిగిలినదేదో భార్య ముందు పెట్టాడు.

"బావుందా?"

ఆమె నమిలి, మింగి, న్యాయంగా ఆలోచించి చెప్పింది. "వేడిగా ఉంది."

మర్నాడు కొట్టు తెరిచి కూర్చున్నాడే గానీ కైమా చూపంతా వీధి అవతల ఉంది. సరిగ్గా అతని కొట్టుకి ఎదురుగా కూరగాయల కొట్టు. దాన్ని నడిపే ఆవిడ అతనికంటే కాస్త పెద్దది. మాట కత్తికంటే పదును. వాళ్లిద్దరికీ మాటల్లేక చాలా ఏళ్లయింది. ఎప్పుడో కైమా కొట్టు కడిగిన నీళ్లు వీధి దాటి ఆవిడ పాలకూర బుట్టల కిందికి పోయాయి. పెద్ద గొడవైంది. ఆ తర్వాత అతను కాలువ కట్టించాడు, నీళ్లు పోవడం ఆగింది, కోపం మాత్రం నిలవ పచ్చడిలా పాడవకుండా ఉండిపోయింది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక చేతులు సబ్బుతో బాగా కడుక్కుని కైమా వీధి దాటాడు.

"పెద్దమ్మా..." అన్నాడు.

ఆవిడ వంకాయలు పేరుస్తున్నదల్లా ఆగింది. "ఎవరయ్యా నీకు పెద్దమ్మ? అద్దంలో మొహం చూసుకున్నావా? అక్కా అను, చాలు."

"సరే అక్కా. రాజ్మా ఉండలు విరిగిపోకుండా ఎలా చెయ్యాలో కాస్త చెప్తావా?"

ఆవిడ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది. అతను గోడ సంగతి, వాసన సంగతి, ఫైనల్ సంగతి నీళ్లు నమలకుండా చెప్పేశాడు. ఆవిడ మళ్లీ వంకాయల వైపు తిరిగింది.

"ఆ తాళాల మనిషేనా? మా కొట్టు షట్టరు తాళం పట్టేస్తే ఉత్తినే నూనె వేసి వెళ్లాడు. మంచోడే, నీకెలా బావయ్యాడో" అంది. "నాకు చెప్పడం చేతకాదు. చెయ్యడమే వచ్చు. ఆదివారం కొట్టు కట్టేశాక వస్తా. ఆ ఎముకల కత్తి మాత్రం నా కంటపడకూడదు."

ఆదివారం ఆవిడ సంచి నిండా సరుకు వేసుకుని మెట్లెక్కి వచ్చింది. వస్తూనే వంటింటి కిటికీ తెరిచింది, పొయ్యి మీది మచ్చ చూసి ముక్కు చిట్లించింది, కైమా భార్యకి కుర్చీ చూపించి "నువ్వు కూర్చోమ్మా, రోజంతా బస్సు తోల్తావు" అంది. ఆమె ఇంట్లో ఆమెకే కుర్చీ వేసినందుకు భార్య నవ్వుకుంటూ కూర్చుంది.

"చూడు, మాంసంలో కొవ్వుంటుంది. అది కరిగి దాన్ని అదే పట్టుకుంటుంది. గింజలకి ఏముందయ్యా పట్టుకోవడానికి? నువ్వే ఇవ్వాలి" అంటూ ఆవిడ మొదలుపెట్టింది. ఉడికిన గింజల్ని ముందు పళ్లెంలో పరిచి ఓవెన్‌లో తడి ఆరేదాకా పెట్టించింది. సగం మెదిపించి, సగం గింజలుగానే వదిలేయించింది. వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, మిరియాలు, రొట్టె పొడి కలిపించి, బిళ్లలు ఒత్తించి ఫ్రిజ్‌లో పెట్టించింది. "వాటిని కాసేపు పడుకోనీ. అలసిపోయినవాణ్ని లేపి పరిగెత్తమంటే పడిపోడూ?"

పుట్టగొడుగుల్ని కైమా బాణలి నిండా పోయబోతే చెయ్యి పట్టుకుంది. "బస్సులో జనాన్ని కుక్కినట్టు కుక్కకు. చోటుంటేనే వేగుతాయి, లేకపోతే చెమటలు కక్కుతాయి."

"నా బస్సులో ఎవర్నీ కుక్కరు" అంది కుర్చీలోంచి భార్య.

కైమా బుద్ధిగా అన్నీ నేర్చుకున్నాడు. కొన్నిచోట్ల ఆవిడే ఆగి చూసింది. ఉల్లిపాయలు అతను తరిగితే ఉల్లిపొర కాగితంలా వచ్చాయి. వంకాయలు నిప్పుల మీద కాల్చాల్సి వచ్చినప్పుడు ఆవిడ అడుగు వెనక్కి వేసింది. ఏ బొగ్గు ఎప్పుడు జరపాలో, ఏ వైపు మంట ఎక్కువో అతనికి చెప్పేవాళ్లెవరు? తొక్క నల్లగా మాడి, లోపల వెన్నలా అయ్యేదాకా తిప్పి తిప్పి కాల్చాడు. వలిచి, మెదిపి, వెల్లుల్లి, నిమ్మరసం, నువ్వుల ముద్ద కలిపారు. ఆవిడ రొట్టె ముక్కతో అద్దుకుని నోట్లో పెట్టుకుంది.

"చెయ్యి మంచిదే" అంది, ఇష్టం లేనట్టు. ఆ మాట కైమా ఆ వారమంతా లోపల్లోపల చప్పరిస్తూనే ఉన్నాడు.

"ఫైనల్‌కి నువ్వూ రావాలక్కా" అన్నాడు, ఆవిడ మెట్లు దిగుతుంటే.

"వస్తా. కానీ మీ జట్టు కాదు నాది" అని ఆవిడ వెళ్లిపోయింది.

ఇక గోడని రప్పించడం మిగిలింది. కైమా బడ్డీ దగ్గరికి వెళ్లాడు. మనిషి కూర్చుంటే మోకాళ్లు ఎదుటి చెక్కకి తగిలేంత ఇరుకు బడ్డీ అది. మూడు వైపులా మేకులకి వేలాడుతున్న తాళంచెవులు, బల్ల మీద ఇత్తడి రజను. గోడ ఒక తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూ తలెత్తకుండానే, "చూద్దాం బావా. ఆ రోజు ఒంట్లో ఎలా ఉంటుందో" అన్నాడు.

"చూద్దాం గీద్దాం లేదు. నువ్వు రాకపోతే నేను టీవీ పెట్టను. వచ్చినవాళ్లందర్నీ నీ బడ్డీ ముందుకి తోలుకొస్తా. తర్వాత నీ ఇష్టం."

గోడ రుద్దడం ఆపాడు. "మొండోడివి" అన్నాడు. అది సగం ఒప్పుకున్నట్టు.

ఫైనల్ రోజు కైమా కొట్టు తెరవలేదు. ముందురోజే పొయ్యి జాలీని వేణ్నీళ్లలో సోడా వేసి నానబెట్టి, ఇనప బ్రష్షుతో రుద్దాడు. కిటికీ పరదాలు విప్పి ఉతికించాడు. సోఫా తొడుగులు కూడా వదల్లేదు. ఇంటికి పట్టిన ఏళ్లనాటి వాసన ఒక్కపూటలో పోతుందా అని అనుమానం వచ్చి, కిటికీలన్నీ బార్లా తెరిచి, తనూ రెండోసారి స్నానం చేశాడు. "పెళ్లినాడు కూడా ఇంత తోముకోలేదు" అంది భార్య.

సాయంత్రానికి బల్ల నిండిపోయింది. చిన్న బన్నుల మధ్య రాజ్మా బిళ్లలు, కారం, తేనె పట్టించి ఓవెన్‌లో ఎర్రగా కాల్చిన కాలీఫ్లవర్, లోపల మెత్తటి చీజ్ కూరిన పుట్టగొడుగులు, తొక్కతోనే కాల్చిన బంగాళాదుంప ముక్కలు, వంకాయ ముద్ద, దాని చుట్టూ కాల్చిన రొట్టెలు. ఒక పక్కన తక్కువ ఉప్పు, తక్కువ నూనె పళ్లేలు వేరుగా. వాటికి గుర్తుగా భార్య ఒక్కోదాని మీద కొత్తిమీర రెమ్మ పెట్టింది.

ముందుగా మెకానిక్ వచ్చాడు. ముక్కు ఎగబీల్చాడు, బల్ల చూశాడు, బాల్కనీలోకి తొంగి చూశాడు.

"కైమా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?"

"నీకే బాగుండదు, నోరు మూసుకుని కూర్చోకపోతే" అన్నాడు కైమా.

తర్వాత గోడ వచ్చాడు. వెనక చెల్లెలు. గోడ చేతిలో ఆ డబ్బానే. గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి, మెల్లగా వదిలి, మళ్లీ పీల్చాడు. గది వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు. అతనికి అర్థమైపోయింది. మొహం ఎర్రబడింది.

"ఏంటిది బావా? నాకోసం ఊరందర్నీ ఉపవాసం ఉంచుతున్నావా? నామీద జాలిపడమని నేనడిగానా?" అన్నాడు. చెల్లెలి వైపు తిరిగి, "నువ్వేనా చెప్పింది?" అన్నాడు.

కైమా చేతులు తుడుచుకుంటూ బాల్కనీ గుమ్మంలోకి వచ్చాడు. ఏదో నవ్వులాట మాట చెబుదామనుకున్నాడు గానీ అది నోటికి రాలేదు.

"జాలి కాదు బావా. నేనెప్పుడూ ఆ మంట దగ్గరే కదా ఉంటాను? అక్కణ్నుంచి టీవీ కనపడి చస్తుందా? ఇన్నేళ్లూ నేను మ్యాచ్ చూసింది నీ అరుపుల్లోనే. గోల్ కాసేవాణ్ని నువ్వు 'ముందుకి రారా' అంటే బంతి మన గోల్ దగ్గరుందని, 'అబ్బా' అంటే తప్పిందని. నువ్వు రానప్పట్నుంచీ నేను ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. వీళ్లు అరిస్తే అది గోలో, కాలు మీద కాఫీ పడిందో తెలీదు."

గోడ చేతిలో డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా నిలబడ్డాడు. కైమా భార్యే వచ్చి డబ్బా అందుకుంది.

"అన్నయ్యా, అలక తర్వాత పడొచ్చు. ఆట మొదలైంది, కూర్చో. కొత్తిమీర ఉన్న పళ్లెం నీది."

గోడ కూర్చున్నాడు. మూలన కాదు, టీవీకి ఎదురుగా, ఎప్పుడూ కూర్చునే చోటే. ఒక బన్ను తీసుకుని అనుమానంగా కొరికాడు. నమిలాడు. ఇంకోసారి కొరికాడు. "విరిగిపోలేదే" అన్నాడు, ఏదో పోటీకి తీర్పు చెప్పినట్టు. మొదటి పావుగంట మాంసం లేదని గునిసిన మెకానిక్ పుట్టగొడుగుల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, ఎవరడిగినా వినపడనట్టు నటించాడు.

అప్పుడే కూరగాయలావిడ తలుపు తోసుకుని వచ్చింది. మెడలో అవతలి జట్టు రంగుల మఫ్లరు. గది గదంతా ఒక్కసారి అరిచింది. ఆవిడ చలించకుండా వెళ్లి అందరికంటే మంచి కుర్చీలో కూర్చుని, "తిండి నేను నేర్పిందే. ఇష్టం లేకపోతే తినడం ఆపండి" అంది. ఎవరూ ఆపలేదు.

బాల్కనీలో కైమా వంకాయలు తిప్పుతున్నాడు. లోపల్నుంచి గొంతు వినపడింది. "ముందుకి రారా! రారా ముందుకి, నిద్రపోతున్నావా!" బొగ్గుల పొగ కళ్లలో పడిందని కైమా మొహం తుడుచుకున్నాడు. గొంతు మునుపటంత లేదు, మధ్యలో ఆయాసం వస్తోంది. అయినా బంతి ఎక్కడుందో అతనికి కళ్లకి కట్టినట్టు తెలుస్తోంది.

వాళ్ల జట్టు ఓడిపోయింది. చివర్లో పెనాల్టీ తన్నినవాడి బంతి స్తంభానికి తగిలి తిరిగొచ్చింది. గోడ "అబ్బా" అన్నాడు, కైమాకి తెలిసిపోయింది. కూరగాయలావిడ మఫ్లరు గాల్లో తిప్పి, మిగిలిన కాలీఫ్లవర్ అంతా తన సంచిలో వేసుకుంది. గెలిచినవాళ్ల హక్కట. కొంతసేపు అందరూ ఆ పెనాల్టీ తన్నినవాణ్ని తిట్టారు. ఆ తర్వాత గోడ లేచి, సోఫా పక్కన నిలబడి, గోల్ కాసేవాడు ఎటు దూకబోతున్నాడో భుజం చూసి ఎలా చెప్పొచ్చో చూపించాడు. ఓడిన సంగతి మర్చిపోయి అందరూ అదే చూశారు.

వెళ్లేముందు మెకానిక్ గిన్నెలు కడుగుతానని వంటింట్లోకి వచ్చాడు. అక్కడ గోడ నీళ్లు తాగుతున్నాడు.

"గోడా, ఆ రోజు సున్నం అన్నాను చూడు..."

"ఎప్పుడు?" అన్నాడు గోడ.

"అదేరా, ఆ రోజు..."

"గుర్తులేదు. ఆ బాణలి సరిగా తోము, జిడ్డుంది."

ఆ తర్వాత మ్యాచ్‌లకి కైమా కొన్నాళ్లు కూరగాయలే చేశాడు. గోడే ఒకరోజు, "వాసన ఇప్పుడంత పట్టించుకోను గానీ, కిటికీ పక్కన కూర్చుంటా. వాళ్లకి కాస్త మాంసం పెట్టు, పాపం" అన్నాడు. అప్పట్నుంచి రెండూ ఉంటున్నాయి. రెండింటిలో ఏది ముందు అయిపోతుందన్నది గదిలో ఇంకో పోటీ. ఓడినా గెలిచినా కైమాకి అన్ని పళ్లేలూ తనవే.

మాంసం కొట్టులోకి మాత్రం గోడ ఇంకా అడుగుపెట్టలేడు. మ్యాచ్ జరిగిన మర్నాడు పొద్దున్న బడ్డీ తెరవకముందు వచ్చి, ఎదురుగా కూరగాయలావిడ కొట్టు ముందు బోర్లించిన పెట్టె మీద కూర్చుంటాడు. ఆవిడ ఒక క్యారట్ కడిగి చేతిలో పెడుతుంది. అక్కణ్నుంచి అతను, ఇక్కణ్నుంచి కైమా, మధ్యలో ఆవిడ, నిన్నటి ఆట గురించి వీధికి అడ్డంగా కేకలేసుకుంటారు. మధ్యలో బస్సులు పోతుంటాయి. ఒక బస్సు మాత్రం మలుపు దాకా హారన్ కొట్టుకుంటూ పోతుంది. నడిపేది కైమా భార్య. "వదినమ్మా!" అంటూ గోడ వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి ఊపితే, "వదినమ్మ మీ ఆవిడకిరా, నీకు చెల్లెలు!" అని కైమా ఇవతల్నుంచి అరుస్తాడు.